ఇరవై రెండు పళ్ళేలు, ఒకే కారం

వెన్నెల టవర్స్ సంక్షేమ సంఘం వారు నివాసులందరికీ తెలియజేయునది ఏమనగా, అంతరించిపోతున్న ఇంటివంటను కాపాడు నిమిత్తం ఆదివారం సాయంత్రం సెల్లారులో కరకరల పోటీ నిర్వహించబడును. నిబంధన ఒకటి: వంటకం ఎండు మొక్కజొన్నలతో, ఇంట్లోనే చేసినదై ఉండవలెను. నిబంధన రెండు: మొదటి నిబంధన గురించి ఎవరూ ఎవరినీ అడగరాదు.

విజయవాడ పటమటలో ఇంత ముందుచూపున్న సంఘం మరొకటి లేదు. సెక్రటరీ చక్రి గారు చల్లపల్లిలో తమ పొలంలో పండిన మొక్కజొన్నలను ఫ్లాటుకు కిలో చొప్పున ఉచితంగా పంచారు కూడా. ఆ వారం డాబా మీది పావురాలు తిని తిని ఎగరలేక, మెట్ల మీదుగా నడిచి దిగాయి. వీధి చివరి స్వగృహ ఫుడ్స్‌లో మొక్కజొన్న కరకరలకు టోకెన్లు పెట్టాల్సి వచ్చింది.

ఇరవై మూడు ఫ్లాట్లలో ఈ పద్ధతి తెలియనిది నాలుగొందల రెండులోని హెలెన్ ఒక్కతెకే. బ్యాంకులో పనిచేసే ఆడమనిషికి వంట రాదని అపార్ట్‌మెంట్ ఏనాడో ఏకగ్రీవంగా తీర్మానించింది. క్రిస్మస్‌కి ఆమె స్వయంగా చేసి పంచిన కజ్జికాయలను ఎదురింటి రాజ్యలక్ష్మి గారు "ఎక్కడ కొన్నావమ్మా, బాగున్నాయి" అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు హెలెన్‌కు చాలా బాధ కలిగించింది. "ఇది హెలెన్ చేతివంట" అని ఈసారి అందరి నోటా అనిపించుకోకపోతే ఊరుకోనని భర్త పాల్ ముందు శపథం చేసింది.

శపథమంటే మాటలా! గింజలు రాత్రంతా నానాయి. కుక్కరు పన్నెండు కూతలు కూసింది. ఉడికిన గింజలను హాల్లో దుప్పటి మీద, ఫ్యాను కింద ఆరబోస్తే, పాల్ రోజంతా గోడ పట్టుకుని నడిచాడు. తీరా నూనెలో వేస్తే టపాకాయల్లా పేలాయి. బందరు రోడ్డు మీద పోలీసు ఆపినా హెల్మెట్ పెట్టని పాల్, సొంత వంటింట్లో హెల్మెట్ పెట్టుకుని బాండీకి మూత అడ్డం పట్టాడు.

"ఇంకొక్క వాయేనండీ!" అంది హెలెన్.

"ఇందాకట్నుంచీ అదేగా అంటున్నావు. ఇది ఏడోది!"

ఆ ఏడో వాయి కరకరలాడింది. ఉప్పు, కారం, వేయించిన కరివేపాకు కలిపి నోట్లో వేసుకుంటే హెలెన్‌కు ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. కారం కూడా కొంచెం ఎక్కువైంది.

పోటీకి దాత, ముఖ్య అతిథి, న్యాయనిర్ణేత, ముగ్గురూ స్వగృహ ఫుడ్స్ యజమాని బసవయ్య గారే. నిష్పాక్షికత కోసం ఆయన కళ్ళకు గంతలు కట్టారు. ఆయన ఇరవై మూడు పళ్ళేలూ రుచి చూసి, గంతలు విప్పి, గద్గదస్వరంతో మైకు అందుకున్నారు.

"అమ్మలారా! ఇరవై రెండు పళ్ళేల్లో ఒకే ఉప్పు, ఒకే కారం, ఒకే కరివేపాకు. ఇదండీ తెలుగింటి ఐకమత్యమంటే! ఈ ఒక్క పళ్ళెం మాత్రం ఎక్కడో బయట కొన్నది. కొంటే కొన్నారు, మా షాపులో కొనొచ్చుగా?"

చప్పట్లతో సెల్లారు దద్దరిల్లింది. ప్రథమ బహుమతి ఇరవై రెండు మందికీ దక్కింది.

"నేనే చేశానండీ! కావాలంటే మా వంటింటి సీలింగు చూడండి, గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి" అని హెలెన్ మొత్తుకుంది.

"ఉద్యోగం చేసుకునేదానివి, నీకెక్కడ తీరుతుందిలేమ్మా" అని రాజ్యలక్ష్మి గారు పెద్దమనసుతో క్షమించారు.

మరుసటి ఏడు హెలెన్ బ్యాంకు నుంచి వస్తూ వీధి చివర ఆగి, అరకిలో కొని, పళ్ళెంలో పోసింది. బసవయ్య గారు నమిలి, గంతలు విప్పి, పేరు చదివి, "హెలెన్ గారి చేతివంటంటే ఇదీ!" అన్నారు. రాజ్యలక్ష్మి గారు ఆమెను కావలించుకుని, ఎలా చేశావో చెప్పమన్నారు. హెలెన్ నానబెట్టడం దగ్గర్నుంచి ఏడో వాయి దాకా తడుముకోకుండా చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ రాసుకోలేదు. హెలెన్‌కు మాత్రం జన్మ ధన్యమైనట్టే అనిపించింది.

ఇంతకీ మొన్న మీ ఇంటికొస్తే జంతికలు పెట్టి, మీరే చేశామన్నారు కదూ? చాలా బాగున్నాయండీ. అచ్చం మా ఇంట్లో చేసినట్టే ఉన్నాయి.