నలభయ్యో నోట్‌బుక్కులో సందేహం

పిల్లలకు ఆలోచించే రోగం ఎంత తొందరగా కుదిర్చితే అంత మంచిది. ఎనిమిదేళ్లు దాటితే అది ముదురుతుంది. ఆ తర్వాత ఏ మందూ పనిచేయదు.

ఆలోపు పనిచేసే మందొకటి ఇప్పుడు మా భోగాపురం వైపు వచ్చింది. దాని పేరు నోట్ టేకింగ్ స్కిల్స్!

దీని కోసం విశాఖలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. పాఠం విని పిల్లలు సొంత మాటల్లో రాసుకోవాలని అక్కడ చెప్పారట. మా వైపు ప్రైవేటు బడి నుంచి వెళ్లిన జగదీశ్వరి టీచరు ఒక్క ముక్క రాసుకోలేదు. తెర మీద పడిందల్లా ఫోన్‌తో ఫొటోలు తీసుకొచ్చారు. నోట్సు నేర్పడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

పద్ధతి చాలా సులువు. పేజీని మూడు గళ్లు చేయాలి. ఎడమ గడిలో ముఖ్యమైన మాటలు, కుడి గడిలో పాఠం, కింద 'నా సందేహం'. ముఖ్యమైన మాటలేవో పిల్లలకేం తెలుసు పాపం? అవి టీచరే బోర్డు మీద రాస్తారు. పాఠమూ ఆవిడే రాస్తారు. మరి సందేహమో? అదీ బోర్డు మీదే ఉంటుంది. మూడో తరగతిలో నలభై మందీ గుండ్రటి అక్షరాలతో దించుకుంటారు: 'నాకు ఏ సందేహమూ లేదు.'

జ్వరమొచ్చి బడి మానేసిన పిల్లలకూ లోటు లేదు. వాళ్లమ్మలు వాట్సాప్‌లో పేజీలు తెప్పించుకుని, దస్తూరీ కలవడానికి ఎడమచేత్తో రాస్తారు. ఈ ఏడాది ముగ్గురు తల్లులకు వెరీ గుడ్ వచ్చింది.

ఆ బడిలో నోట్సు ప్రదర్శనకు నేనే ముఖ్య అతిథిని. ముప్పై తొమ్మిది పుస్తకాలు చూసి పులకించిపోయాను. నలభయ్యోది తెరిచి ఆగిపోయాను.

'మత్స్యకారులు ప్రతిరోజూ సముద్రంలో వేటకు వెళ్తారు' అని పాఠం. కింద సందేహం గడిలో, ఎంత ఘోరమో చూడండి, ఒక సందేహం ఉంది!

'రోజూ ఎల్తే, ఏసంగిలో రెండు నెల్లు మా అయ్య ఇంటికాడెందుకు కూకుంతాడు?'

రాసిన పిల్ల పేరు దేవి. తండ్రి గంగరాజు బోటు మీద వేటకెళ్తాడు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వమే వేట ఆపిస్తుంది. ఆ సంగతి పిల్లకు తెలుసు. బోర్డుకు తెలియదు.

హెడ్మాస్టరు దత్తాత్రేయ గారు అప్పటికప్పుడు తల్లిని ఆ గదికే పిలిపించారు. మరిడమ్మ చేపల గంప గుమ్మం బయట దించి లోపలికొచ్చింది. నోట్సు మీద హెడ్మాస్టరు సంతకం పడకపోతే పిల్లకు హాల్ టికెట్ రాదు. మూడో తరగతికి హాల్ టికెట్టేమిటని అడక్కండి. అది కూడా సందేహమే.

"అది నిజిమే గదండీ మేస్టారూ," అంది మరిడమ్మ. "ఆ రెండు నెల్లూ బోటు ఒడ్డుమీదే ఉంతాది. పిల్ల అబద్దం రాయనేదు."

"నిజమేనమ్మా. కానీ నోట్సులో లేదు కదా," అన్నారు దత్తాత్రేయ గారు. "చెరిపేసి అందరూ రాసిందే రాయమను. పరీక్ష ఎల్లుండే."

మరిడమ్మ పక్కనే నిలబడ్డ కూతురి వైపు తిరిగింది. "రాసెయ్యే దేవీ. నేకపోతే ఏడాది పోతాది."

"టీచరుకి తెల్దా అమ్మా?"

"తెలుసు. నువ్వు రాయి."

దేవి రబ్బరు తీసింది. కాగితం చిరగకుండా నెమ్మదిగా చెరిపింది. తనకు ఏ సందేహమూ లేదని రాసింది. సంతకం పడింది.

అప్పుడు నాకూ అడగాల్సిందొకటి గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అదే సమయానికి భుజం మీద శాలువా పడింది, చేతికి మైకు వచ్చింది.

"ఇంత చక్కటి నోట్సు నేనెక్కడా చూడలేదు," అన్నాను.

నలభై మందీ తలలు వంచి ఆ మాట కూడా పుస్తకాల్లోకి ఎక్కించారు. అందరికంటే ముందు రాసేసి పెన్సిల్ కింద పెట్టింది దేవి.