కాయని టమాటాకు ఘనసన్మానం

మా వీధి ప్రతిష్ఠను ఆకాశానికెత్తిన టమాటా మొక్కకు ఈమధ్య ఘనసన్మానం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మొక్క మా బాబాయిది. పెరట్లోని అద్దాలగదిలో, పైనుంచి వేలాడదీసిన తాడును చుట్టుకుని పెరిగింది. లోకం దృష్టిలో ఇంతవరకు ఒక్క కాయ కాయలేదు. సన్మానం అందుకే.

కాయ కాస్తే బలం కాయకు పోతుంది, ఎత్తుకు పోదు అని బాబాయి సిద్ధాంతం. అందుచేత రోజూ నిచ్చెనెక్కి పక్కకొమ్మలతోపాటు పూతనూ తుంచేసేవారు. అనుభవమున్నవాళ్ళు పక్కకొమ్మలతో ఆగుతారు. బాబాయి అంత తేలిగ్గా ఆగే మనిషి కాదు.

మొక్క కప్పును తాకినప్పుడు, చివర తుంచేయమని తోటమాలి సలహా ఇచ్చాడు. బాబాయి అతణ్ణి పనిలోంచి మాన్పించి కప్పు ఎత్తు పెంచారు. దాంతో పడకగది కప్పుకు మరమ్మతు వాయిదా పడింది. వానొస్తే పిన్ని మంచం పక్కన బకెట్టు పెట్టుకునేది. కుటుంబ సహకారమంటే అదీ.

చూడ్డానికి జనం వచ్చి, పైకి చూసీ చూసీ మెడలు పట్టేసి వెళ్ళేవారు. కాయలేవని ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు అలాంటివి అడగరు.

పిన్ని అడిగింది. "ఎన్నాళ్ళూ బజారు టమాటాలేనా? మన మొక్కది ఒక్కటి కోసి కూరలో వేసుకోవాలని ఉందండీ."

"నీ కూర కోసం చరిత్రను ఆపమంటావా?" అన్నారు బాబాయి.

పిన్ని పెరట్లోకి వెళ్ళింది. అడుగున ఆకుల చాటున ఒక్క పువ్వును దాచింది. బాబాయి కిందికి చూడడం మానేసి చాలాకాలమైంది కాబట్టి అది పిందె అయి, కాయ అయి, ఎర్రబడింది. రోజూ వెళ్ళి చూసుకునేది. రేపు కోద్దామనుకుంది. ఆ రేపే సన్మానం.

మొక్కకు దండ వేయబోయి వంగిన తోటల సంఘం అధ్యక్షులవారికి పండు కనిపించింది.

"ఇదేమిటండీ?"

"పొరపాటైపోయింది, మన్నించాలి," అంటూ బాబాయి దాన్ని తుంచి ఆయన చేతిలో పెట్టారు. అధ్యక్షులవారు పరిశీలన నిమిత్తం శాలువాకు తుడిచి, అక్కడే తినేశారు. తర్వాత మైకు ముందుకొచ్చి, "ఫలాపేక్ష లేని ఎదుగుదలే అసలైన ఎదుగుదల," అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. పిన్ని ఖాళీ తొడిమ వంక చూస్తూ నిలబడింది.

బాబాయి ప్రతిభను వృథా పోనివ్వకూడదని మా వీధి బడికి ఆయన్నే సలహాదారుగా వేశాం. వచ్చీరాగానే ఆటల గంట, బొమ్మల గంట తీసేయించారు. పిల్లలు ఏపుగా ఎదుగుతున్నారు. వాళ్ళకేం కావాలని ఇంతవరకు మాలో ఎవరూ అడగలేదు.