పీకొద్దు, శిక్షణ జరుగుతోంది

ఏడు మడుగులున్న ఒక పెద్ద అడవిలోకి, ఒక ఏడాది వరదకు గుర్రపు డెక్క అనే నీటిమొక్క కొట్టుకొచ్చింది. మొదటి మడుగులో ఓ మూల చేరి ఊదారంగు పూలు పూసింది.

ఆ మడుగులో ముగ్గురు పిల్లలతో కాపురముండే నీటికుక్క మడుగమ్మ కంట అది పడింది. నీళ్ల మీద ఆకు కప్పేస్తే చేపలకు ఊపిరాడదు. చేపల్లేకపోతే పిల్లలకు తిండి లేదు. పొద్దున్నే దిగి, ఒక్కో మొక్కనూ పళ్లతో పట్టి గట్టుకు లాగసాగింది.

సగం లాగేసరికి కొండముచ్చు తోకేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. పరాయి మొక్కల నివారణకని నిన్ననే పుట్టిన సంస్థకు ఆయనే డైరెక్టరు.

"ఆగమ్మా! సర్టిఫికెట్టుందా?"

"మొక్క పీకడానికా బాబూ?"

"మరి? ముందు అడవంతటికీ సామర్థ్యం పెంచాలి. అన్నీ నువ్వే పీకేస్తే మేం శిక్షణ దేంతో ఇవ్వాలి?"

మడుగమ్మ రాజుగారైన ఏనుగు దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, నెల ఆగితే మడుగు మూసుకుపోతుంది."

"నెలేమిటమ్మా, శిక్షణ మూడు నెలలు," అన్నాడు ఏనుగు చల్లగా.

మిగతా ఆరు మడుగుల నుంచీ అభ్యర్థులొచ్చారు. ఆకు ఎలా ఉంటుంది, కాడ ఎందుకు ఉబ్బుతుంది అని బోధించి, తోకేశ్వరరావు తలా ఒక మొక్క చేతికిచ్చాడు.

"పరీక్షకు పచ్చగా తేవాలి. వాడిపోతే మార్కులుండవు!"

బుద్ధిమంతులు కదా, ఇంటికెళ్లి ఎవరి మడుగులో వాళ్లు వేసుకున్నారు.

పరీక్షనాడు తాబేలు మోపెడు తెచ్చింది.

"ఒకటేగా ఇచ్చాను?"

"ఇంకా బోలెడున్నాయి సార్. మా మడుగంతా ఇవే!"

తాబేలుకు ఫస్టు ర్యాంకు వచ్చింది. తక్కినవాళ్లూ అందరూ పాసయ్యారు.

ఈలోగా మడుగమ్మ మడుగులో చేపలు తెల్లగా తేలాయి. పిల్లల్ని తీసుకుని రెండో మడుగుకు వెళ్లింది. అక్కడా ఆకే. మూడోదీ అంతే. ఏడో మడుగు గట్టున కొంగ, మెడలో సర్టిఫికెట్టుతో నిలబడి ఉంది.

"నువ్వు చదువుకున్నావుగా అన్నా, రా, ఇద్దరం కలిసి పీకుదాం."

"మాకు గుర్తుపట్టడం వరకే నేర్పారమ్మా. పీకడం రెండో దశలో."

మడుగమ్మ పెద్దవాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని, ఆకలితో ఏడుస్తున్న చిన్నదాన్ని వీపున వేసుకుని పక్క అడవి పొలిమేర దాకా నడిచింది. అక్కడ కాపలా తోడేలు అడ్డం నిలబడింది.

"పరాయి జంతువులకు ప్రవేశం లేదు. మా అడవి పాడైపోతుంది."

అంతలో వెనక నుంచి డప్పులు వినిపించాయి. శిక్షణ ఇవ్వడానికి ఆ అడవివాళ్లు ప్రత్యేకంగా పిలిపించుకున్న తోకేశ్వరరావు వస్తున్నాడు. నెత్తిన బుట్టెడు పచ్చటి నమూనాలు. తోడేలు పక్కకు తప్పుకుని ఆయన మెడలో దండ వేసింది.

నీతి: పీకేవాళ్లకు పని ఒక్క పూటే, నేర్పేవాళ్లకు జీవితాంతం.