పద్నాలుగు కాళ్ల అలసట

'వకాబా' అంతరిక్ష కేంద్రంలో ప్రాణాంతకమైన జీవి ఏదీ లేదనీ, అక్కడ కనిపించినట్లు చెబుతున్నది సిబ్బంది అలసట మాత్రమేననీ, ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చుననీ ఆ కేంద్రాన్ని నడిపే కార్యాలయం మంగళవారం నాడు టోక్యోలో ప్రకటించింది. ప్రకటన వెలువడే వేళకు ఆ అలసటకు పద్నాలుగు కాళ్లున్నాయి. సామాన్ల గది బయటి తలుపుకున్న రబ్బరు సగం తినేసి, మిగతా సగం రుచి చూస్తోంది.

కేంద్రంలో ఉన్నది ఇద్దరే. నాయకుడు ఒనోదెర గారు ఇరవై మూడేళ్ల సర్వీసులో ఒక్క రోజు కూడా సెలవు పెట్టని మహానుభావుడు. ఆయన వాడుకోని సెలవులు పేరుకుపోయి, సిబ్బంది సంక్షేమ విభాగం వారికి దిగులు పట్టుకుంది. రెండో మనిషి హినాత్సు కాయా, నలభై ఒక్క ఏళ్ల ఇంజనీరు. తెలివైనది, పనిమంతురాలు. ఆమెలో ఉన్న లోపం ఒక్కటే. చూసింది చూసినట్లు చెబుతుంది.

ఇది చిన్న లోపమేమీ కాదు. మన ఆఫీసుల్లో గాలి చదవడం అనే విద్య ఒకటుంది. నలుగురు కూర్చున్న గదిలో ఎవరూ పైకి అనని మాట ఏమిటో గాలిని బట్టి గ్రహించి, దానికి తగినట్లు తల ఊపడం. ఈ విద్య వచ్చినవాళ్లు పైకి వస్తారు. రానివాళ్లు మరీ పైకి, అంటే భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లినా కింది ఉద్యోగులుగానే ఉంటారు.

ఆ జీవి సోమవారం నాడు వచ్చింది. తలుపు బయట ఎక్కడో అంటుకుని, రబ్బరు తినుకుంటూ లోపలికి దారి చేసుకుంది. మనిషంత పొడుగు. కాళ్ల చివర గుండ్రటి మెత్తలు, అర్జీల మీద వేసే ముద్రంత సైజువి. నోరు ఎక్కడుందో వెంటనే తెలియదు. తెలిసిన తరువాత మరిచిపోవడం కష్టం.

"ఒనోదెర గారూ, మీ వెనకాల ఉంది," అంది కాయా.

"తెలుసమ్మా. అందుకే ముందుకి చూస్తున్నా," అన్నారాయన.

పది గంటలకు కింది ఆఫీసుతో రోజూ జరిగే సమావేశం జరిగింది. తెర మీద సెక్షన్ అధికారి మిజోగుచి గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన ఎవరినీ కసురుకోరు. చాలా మర్యాదగా నమ్మరు.

"హినాత్సు గారూ, నిద్ర సరిగా పడుతోందా మీకు?"

"నాకు పడుతోందండీ. దానికే పడుతున్నట్టు లేదు. ఒకటే కొరుకుడు. ఫొటో కూడా పంపాను కదండీ."

"చూశాం, చూశాం. ఫొటో చాలా బాగా వచ్చింది. అలసట ఒక్కోసారి ఫొటోల్లో కూడా పడుతుందని మా డాక్టరు గారు అన్నారు. ఏం ఒనోదెర గారూ, మీరేమైనా చూశారా?"

ఆ జీవి అప్పుడు కెమెరాకు సరిగ్గా పైన కూర్చుని ఉంది. ఒనోదెర గారు దాని కేసి చూశారు. అది ఆయన కేసి చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూశాను అని చెప్పేంత స్పష్టంగా కాదండీ. చూడలేదు అనేంత అస్పష్టంగానూ కాదనుకోండి. మొత్తానికి, ఆఫీసు వారి అభిప్రాయమే నా అభిప్రాయమూను."

"ఎంత చక్కగా చెప్పారండీ! హినాత్సు గారూ, మీరు కూడా కాస్త గాలి చదవడం నేర్చుకోవాలి."

"చదువుదామంటే ఇక్కడ అది కారిపోతోందండీ," అంది కాయా.

ఆ మాట సమావేశపు నివేదికలోకి ఎక్కలేదు. 'హినాత్సు ఉత్సాహంగా స్పందించారు' అని ఎక్కింది.

వారానికి ఒకసారి ఇంటివాళ్లతో మాట్లాడుకోనిస్తారు. తొయామా ఊళ్లో కాయా వాళ్లమ్మ రేగుపళ్లకు ఉప్పు పట్టిస్తూ ఫోను ఎత్తింది. కూతురు చెప్పిందంతా విని నిట్టూర్చింది.

"నేను నమ్ముతానే. చిన్నప్పుడైనా నువ్వు అబద్ధం ఆడి ఎరగవు. అదే కదా మన బాధ. సరేగానీ, దానివల్ల చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది కలగకుండా చూసుకో."

"చుట్టుపక్కల ఎవరున్నారమ్మా? దగ్గర్లో ఉన్నది మీరే."

"అయితే మాకే కలగకుండా చూసుకో. నేనిచ్చిన తాయెత్తు కట్టుకున్నావా?"

కట్టుకుంది. ఊరి గుడిలో తెచ్చిన 'ప్రయాణ క్షేమం' తాయెత్తు అది. మోటారు సైకిళ్ల వాళ్ల కోసం చేసినది. కాయా దాన్ని వ్యోమగామి దుస్తుల మెడకు ముడేసి, కళ్లు మూసుకుని, గుడి ఆచారం ప్రకారం రెండుసార్లు చప్పట్లు చరిచి, దండం పెట్టుకుంది. దేవుడి దగ్గర అర్జీకి ముద్రలు అక్కర్లేదు కనుక ముందు అక్కడ పెట్టుకుంది. ఆయన వినే ఉంటాడు. అయితే ఆయన కూడా పైవాళ్లను అడిగి చెప్పవలసి ఉంటుందా అన్న సందేహం ఆమెకు ఆ వారమే మొదటిసారి కలిగింది.

బుధవారం ఒనోదెర గారు చారు పొట్లాల కోసం సామాన్ల గదికి బయలుదేరారు.

"వద్దండీ! అది మళ్లీ అందులోకే దూరింది."

"ఆఫీసు వారు లేదని ప్రకటించేశారు కదమ్మా. ఇప్పుడు నేను వెళ్లకపోతే ఉందని ఒప్పుకున్నట్టవుతుంది."

ఆయన వెళ్లారు. లోపలినుంచి ఆయన చివరి మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. "క్షమించాలి, కొంచెం దారి ఇస్తారా?" అన్నారు. అంటే ఆయనకు కనపడిందన్న మాట. తరువాత ఒక మేజోడు గాలిలో తేలుతూ బయటికి వచ్చింది. కాయా తలుపు మూసి గొళ్లెం బిగించి, దానికి వీపు ఆనించి, చాలాసేపు ఏడ్చింది. అక్కడ కన్నీళ్లు కిందికి జారవు. కళ్ల మీదే ఉండలు కట్టుకుంటాయి. ఏడ్చిన తరువాత ఆఫీసుకు తెలియజేసింది.

ఆఫీసు వెంటనే స్పందించింది. ఇరవై మూడేళ్ల తరువాత ఒనోదెర గారు సెలవు తీసుకున్నందుకు సిబ్బంది సంక్షేమ విభాగం హర్షం వెలిబుచ్చింది. ఆఫీసు అధ్యక్షుల వారు ఒక సభలో ప్రసంగిస్తూ, "పని, విశ్రాంతి రెండూ ఉండాలని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను. ఒనోదెర గారు మొత్తం సెలవులన్నీ ఒకేసారి వాడుకుని యువతకు ఆదర్శంగా నిలిచారు," అన్నారు. సభ చప్పట్లతో మారుమోగింది.

ఇక కాయాకు మిగిలిన దారి ఒక్కటే. జీవి సామాన్ల గదిలో చిక్కుకుని ఉంది. ఆ గది బయటి తలుపు తెరిస్తే శూన్యం దాన్ని లాగేసుకుంటుంది. కానీ లోపలి తలుపు రబ్బరు కూడా అది తినడం మొదలుపెట్టింది. మహా అయితే రెండు రోజులు పడుతుంది. బయటి తలుపు తెరవడానికి కింది ఆఫీసు ఇచ్చే సంకేత సంఖ్య కావాలి. సంఖ్య రావాలంటే ఏడో నంబరు ఫారం నింపాలి. ఫారంలో 'బయటికి పంపవలసిన వస్తువు' అన్నచోట వెంట్రుకలు, లోహపు పొడి, పురుగులు అనే మూడు గడులు ఉన్నాయి. మనిషిని తిన్నదానికి గడి లేదు. కాయా 'పురుగులు' గడిలో టిక్కు పెట్టి, సంతకానికి బదులు వాడే తన పేరు ముద్ర వేసి, ఫారం ఫొటో తీసి పంపింది.

గంటన్నరకు తిరిగి వచ్చింది.

"చిన్న సవరణ అండీ," అన్నారు మిజోగుచి గారు ఎంతో నొచ్చుకుంటూ. "మీ ముద్ర నిటారుగా నిలబడింది."

ఇది తెలియనిది కాయా ఒక్కతే కాబోలు. ఫారం మీద కుడిచివర చిన్న ఉద్యోగి, ఎడమచివర పెద్ద అధికారి ముద్ర వేస్తారు. కిందివాళ్ల ముద్రలన్నీ కాస్త ఎడమకు ఒరిగి ఉండాలి. అప్పుడు అవి పెద్దవారి ముద్రకు వంగి నమస్కరిస్తున్నట్లు ఉంటాయి. నిటారు ముద్ర అంటే అధికారి ఎదుట జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడినట్లే.

"అది తలుపు తినేస్తోందండీ!"

"అందుకే త్వరగా సవరించి పంపమంటున్నాను."

రెండోసారి హడావిడిలో ముద్ర కుడికి ఒరిగింది. అది నమస్కారం కాదనీ, వీపు చూపడమనీ చెప్పి వెనక్కి పంపారు. మూడోసారి ఎడమకే గానీ మరీ ఒరిగింది. వెటకారంగా ఉందన్నారు. పదకొండు ఫారాలు అలా వెళ్లి వచ్చాయి. పన్నెండోది గురువారం ఉదయానికి కుదిరింది. ముద్ర సరిగ్గా వంగింది, వినయంగా ఉంది. కానీ పక్కగడి ఖాళీగా ఉంది.

"ఒనోదెర గారి ముద్ర ఏదండీ?"

"ఆయన లేరండీ! ముద్ర ఆయన జేబులోనే పోయింది."

"సెలవులో ఉన్నారని తెలుసు. ముద్ర వేయడానికి ఒక్క నిమిషం రమ్మనండి. ఏమీ అనుకోరు, నాకు తెలుసు ఆయన సంగతి."

కాయా తెర ఆపేసింది. తలుపు అంచున రబ్బరు పలచబడి, అరచేయి పట్టేంత సందు ఏర్పడింది. ఆమె చేతిలోంచి జారిన ఫారం తేలుకుంటూ నేరుగా అటే వెళ్లింది. సందులోంచి ఒక కాలు బయటికి వచ్చి కాగితాన్ని తడిమింది. ఆ జీవి గదిలో ఉన్న సామాన్లన్నిటితో పాటు ముద్రలకు వాడే ఎర్రసిరా డబ్బాలు కూడా తిన్నట్లుంది. కాయా కాగితం అంచు పట్టుకుని లాగింది. అది అటు లాగింది. ఇద్దరి మధ్య ఆ ఫారం క్షణకాలం బిగుసుకుని నిలిచింది. ఆమె గోడను తన్ని లాక్కుని చూసేసరికి, ఒనోదెర గారి గడిలో గుండ్రటి ఎర్రటి గుర్తు ఒకటి, ఎడమకు సరిగ్గా ఒరిగి, తడితడిగా మెరుస్తోంది.

ఆమె ఆలోచించలేదు. ఫొటో తీసి పంపింది.

తెర మళ్లీ వెలిగేసరికి మిజోగుచి గారి కళ్లు చెమర్చి ఉన్నాయి. "చూశారా, సెలవులో ఉండి కూడా ఎంత వినయంగా వేశారో! పాత ముద్ర, అక్షరాలు కాస్త అరిగాయంతే," అన్నారు. మిగిలిన ఆరు ముద్రలూ ఇరవై నిమిషాల్లో పడ్డాయి. ఎవరూ ఫారంలో ఏముందో చదవలేదు. వంపులు చూశారు.

సంకేత సంఖ్య వచ్చింది. కాయా వ్యోమగామి దుస్తులు బిగించుకుని, లోపలి తలుపు సందులో తిరిగొచ్చిన పదకొండు ఫారాలనూ కుక్కి, అన్నం మెతుకులు మెదిపి అంటించింది. ఆ కాగితాలు ఎవరికైనా ఉపయోగపడడం అదే మొదటిసారి. తరువాత బయటి తలుపు తెరిచింది. పద్నాలుగు కాళ్లూ ఒక్కసారిగా గోడలు పట్టుకున్నాయి, ఒక్కొక్కటిగా వదిలాయి. ఫారాలు ఊగాయి గానీ ఊడిరాలేదు. కిటికీలోంచి ఆమె అది నల్లటి ఆకాశంలోకి దూరమై చుక్కంత కావడం చూసింది. తాయెత్తును కళ్లకద్దుకుంది. తిరుగు నౌక ఎక్కి ఒంటరిగా భూమికి వచ్చింది.

రాగానే విచారణ సంఘం వేశారు. ఒనోదెర గారు బుధవారం మరణించారని ఆమె చెప్పింది. గురువారం ఆయన ముద్ర ఫారం మీద ఉంది. కనుక ఆమె చెప్పింది అబద్ధం.

"అది ఆయన ముద్ర కాదండీ. ఆ జీవి కాలి గుర్తు."

సంఘం సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అందరిలో పెద్దాయన, తెల్లజుట్టు మనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, అంత మర్యాదగా వంగింది మృగమా?" అన్నారు.

బతికున్న ఒనోదెర గారిని ఆమే బయటికి తోసిందని తేల్చవచ్చు. కానీ అలా తేలిస్తే ఆఫీసు పరువు పోతుంది. కనుక ఆయన తన సెలవును ఆరుబయట గడపాలని స్వయంగా నిర్ణయించుకున్నారని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. కాయా మాత్రం లోకాన్ని కలవరపెట్టినందుకు విలేఖరుల ముందు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నడుము వంచి, పన్నెండు లెక్కపెట్టేదాకా లేవకుండా, కెమెరాలు టకటకమంటుండగా చెప్పుకుంది. తొయామాలో వాళ్లమ్మ వీధిలో ఇంటింటికీ బిస్కట్ల పెట్టెలు పట్టుకెళ్లి వాళ్లకూ చెప్పుకుంది.

ఆఫీసు మాత్రం ఆమె అనుభవాన్ని వృథా పోనివ్వలేదు. మూడో అంతస్తులో ఫారాల విభాగానికి ఆమెను బదిలీ చేసి, సంస్కరణలు చేపట్టింది. ఏడో నంబరు ఫారంలో కొత్త గడి చేరింది: 'అలసట ఉన్నది / లేదు. ఉన్నచో కాళ్ల సంఖ్య.' కింద 'చర్య అవసరం లేదు' అన్న వాక్యాన్ని ముందే అచ్చు వేయించారు, సమయం కలిసివస్తుందని. ఈ సంస్కరణను పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

వసంతకాలంలో మరో ఇద్దరు వకాబాకు వెళ్లారు. తొమ్మిదో రోజున ఫారం వచ్చింది. అలసట ఉన్నది. కాళ్ల సంఖ్య ఇరవై ఎనిమిది. ఆ పక్కన ఖాళీలో ఎవరో రాశారు: దయచేసి నమ్మండి.

"అంచుల్లో రాయకూడదని ఎన్నిసార్లు చెప్పినా వినరు," అన్నారు మిజోగుచి గారు. "సరేలెండి. మనుషులు ఇద్దరు, తలకి పద్నాలుగు. లెక్క సరిపోయింది. హినాత్సు గారూ, మీ ముద్ర ఒక్కటే తక్కువ. భోజనం వేళయింది, సేమ్యా దుకాణం ముందు అప్పుడే క్యూ కట్టేశారట."

కాయా ఆ ఇరవై ఎనిమిది అంకె కేసి చూసింది. ఈసారి అది ఒంటరిగా రాలేదని ఆ భవనం మొత్తంలో తెలిసినది ఆమెకొక్కతెకే. ఆమె తల ఎత్తింది. బల్ల చుట్టూ ఏడుగురు లేచి, కోట్లు తొడుక్కుని, చిరునవ్వుతో ఎదురుచూస్తున్నారు. ఆ గదిలో గాలికి లోటు లేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

జీవితంలో మొదటిసారి ఆమె దాన్ని చదవగలిగింది.

ముద్ర పడింది. ఎడమవైపుకు ఎంత అందంగా ఒరిగిందంటే, కొత్త ఉద్యోగులకు చూపించడానికి మిజోగుచి గారు ఆ ఫారం నకలు ఒకటి తీయించి గోడకు పెట్టించారు. ఇది చదివి ఆమెను ఛీ అనుకోబోయే పెద్దలకు నాది ఒక్కటే మనవి. అనుకునే ముందు, ఈ నెలలో మీరు పెట్టిన సంతకాలు ఒకసారి బయటికి తీసి, అవి ఎటు ఒరిగి ఉన్నాయో చూసుకోండి.