పెద్దవీధిలో పోస్టుమాన్ మడమ

మా ఊళ్లో అంటరానితనం లేదని 1956లో ప్రభుత్వంవారే రాసి ఇచ్చారు. ఉదయగిరికీ వింజమూరుకీ నడుమ మరే ఊరికీ ఇంతటి గౌరవం దక్కలేదు. దక్కడానికి కారణం వరప్రసాదం మడమ.

వరప్రసాదం మా పోస్టుమాన్. ఊరికి ఎడంగా ఉన్న మిషను పాళెంలో పుట్టి, మిషను బళ్లో చదివి, సర్కారు ఉద్యోగం సంపాదించుకున్నాడు. పాళెంవాళ్లు పెద్దవీధిలో చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవడం మా ఆచారం. ఆచారమే గాని బలవంతం కాదు; కాదన్నవాడు ఇంతవరకు లేడు గనుక బలవంతం చేసే అవసరం రాలేదు. అదే వీధిలో ఎద్దులు ఇనుప లాడాలతో నడుస్తాయి. ఎద్దులకు కులం లేదు.

ఆ రాళ్లవీధిలో తిరిగి తిరిగి అతని మడమ పట్టేసింది. పొద్దున్నే కాలు కింద పెడితే మేకు దిగినట్టుండేది. ఆత్మకూరులో డాక్టరు చూసి, మడమలో ఎముక ముల్లులా పెరిగిందనీ, కోత అక్కర్లేదనీ, మెత్తటి చెప్పులతో నడిస్తే చాలనీ చెప్పాడు. ఉత్త కాళ్లతో తిరిగితే మాత్రం ఉద్యోగం మీద ఆశ వదులుకోమన్నాడు.

మాది దయగల ఊరు. చెప్పులు తప్ప మిగతా వైద్యాలన్నీ ఆ వారమే మొదలుపెట్టింది. హనుమాయమ్మగారు అరుగు మీద నుంచి జిల్లేడాకులు విసిరారు. పెంచలనరసింహం ఇటుక కాల్చి, పట్టకారుతో తెచ్చి వీధిలో పెట్టి, "తొక్కరా, హాయిగా ఉంటాది" అన్నాడు. వరప్రసాదం తొక్కాడు. బొబ్బల బాధలో మడమ బాధ మరిచిపోయాడు. గుణం కనిపించిందని అందరం సంతోషించాం.

ఈలోగా అతని నడక మందగించింది. నెల్లూరు నుంచి వేరుశనగ ధరలు తెచ్చే ఉత్తరాలు వీధి చివరికి చేరేసరికి పొద్దుగూకేది. వర్తకులూ పంచాయతీ ప్రెసిడెంటూ అయిన మల్లికార్జునంగారి కొట్టు ఆ చివరే. వెంటనే సభ పెట్టించారు.

"వీధి మొగదలకొచ్చి మీరే తీసుకోండయ్యా. లేకుంటే చెప్పులన్నా వేసుకోనీండి. కాలు పోతే నా కూడు పోతాది" అన్నాడు వరప్రసాదం.

ఉత్తరం కోసం అతని దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద కాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రెసిడెంటుగారు లేచారు.

"సోదరులారా! స్వతంత్రం వచ్చినాక ఎవురి చెప్పులు వాళ్లు వేసుకోవచ్చు. అయితే వీధికి కూడా స్వతంత్రం ఉండాది! చెప్పులు వీడి కాళ్లకుండాల, మన వీధికి తగలకూడదు. ఏంది దారి?"

దారి దొరికింది. కొట్టులోని కుర్చీకి రెండు వెదురుబొంగులు కట్టారు. బొంగుకు మైల అంటదని పురోహితులు సెలవిచ్చారు. కూలీలంతా కోతలకు పోవడంతో, ధరల కోసం ఆగలేని వర్తకులే భుజం పట్టారు. ముందు బొంగు మల్లికార్జునంగారిది. వరప్రసాదం కొత్త చెప్పులు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని ఇంటింటికీ ఉత్తరాలు అందించాడు.

"నడుస్తానని గదయ్యా నేనడిగింది, ఊరేగించమన్నానా? దించండయ్యా" అని రోజూ బతిమాలేవాడు.

"చెప్పులిప్పు, దించుతాం" అనేవారు మోసేవాళ్లు, రొప్పుతూ.

మడమ నెమ్మదించింది గాని కుర్చీ దిగలేదు. ఆ రోజుల్లోనే ఒక పెద్ద అధికారి జీపులో వచ్చి ఈ దృశ్యం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పాళెం మనిషిని పెద్దవీధివారు భుజాన మోసే ఊరు రాష్ట్రంలో మరొకటి లేదని ప్రశంసాపత్రం రాసి, ఫోటో తీయించారు.

ఫోటో పత్రికలో పడింది. మెచ్చుకుంటూ దేశం నలుమూలల నుంచి కార్డులు గోతాల కొద్దీ వచ్చాయి. అన్నీ వరప్రసాదమే కుర్చీలోంచి పంచాడు. పంచే ముందు ఒక్కొక్కటీ ఆశగా చదివేవాడు, కాళ్లకు చెప్పులున్న మనిషి నడవడంలేదేమని ఎవరైనా అడిగారేమోనని.

మీ కార్డు కూడా చదివాడు.