పెట్రోలు రంపానికి పథ్యం

రంపం ఉన్నది కోయడానికి అనుకునేవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళను చూసి జాలిపడాలి. కోత పాతకాలపు ముచ్చట. ఇప్పటి రంపం ఉన్నది తుడవడానికి!

నమ్మకం లేకపోతే బిలాస్‌పూర్ రండి. స్టేషన్లో దిగి, తార్‌బహార్ దాటి, స్లీపర్ల యార్డు ఎక్కడని అడగండి. పట్టాల కింద వేసే సాలుచెట్టు దుంగలు కోతకు ఎదురుచూస్తూ గుట్టగా పడి ఉంటాయి. గుట్ట పక్కన ఒక రేకుల షెడ్డు. అందులో బల్ల మీద, ఉతికిన దుప్పటి కప్పుకొని పడుకొని ఉంటుంది పెట్రోలు రంపం.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలేసిన సామానులోంచి వచ్చింది. సైకిలు చైను లాంటి చైను, చైనుకు పళ్ళు, వెనక ఇంజను. ఇద్దరు పట్టుకోవాలి. తాడు లాగితే రైలింజను కూడా తలదించుకునేంత చప్పుడు చేస్తుందట. 'అట' అనక తప్పదు. విన్నవాళ్ళు తక్కువ.

వచ్చిన రోజున ఒక దుంగను సగం కోసింది. ఆ సగం దుంగ ఇంకా అక్కడే ఉంది. మర్నాటి నుంచి సర్వీసింగు మొదలైంది.

యార్డు మేస్త్రి గోవిందరావు ఖరగ్‌పూర్ వెళ్ళి దీని పని నేర్చుకొని వచ్చాడు. శుభ్రం చేయడం నేర్పిన రోజున చక్కగా నేర్చుకున్నాడు. కోయడం నేర్పిన రోజున జ్వరమొచ్చి పడుకున్నాడు. అంచేత మన యార్డుకు దక్కినది అచ్చమైన సంరక్షణ. కోత కల్తీ లేదు. ఎంత అదృష్టం!

పద్ధతి వినండి. పొద్దున్నే ఎయిర్ ఫిల్టరు విప్పి, దుమ్ము దులిపి, పెట్రోలులో కడగాలి. ప్లగ్గు ఊడదీసి మసి గీకాలి. గుండ్రటి ఆకురాయితో చైను పళ్ళు ఒక్కొక్కటే, అన్నీ ఒకే వాలుకు వచ్చేలా రాయాలి. చైను వేలాడకూడదు. బిగుసుకోనూ కూడదు. చేత్తో లాగితే రావాలి. నట్లు బిగించాలి. నూనె పెట్టాలి. వాడకుండా ఉంచేటప్పుడు ట్యాంకులో పెట్రోలు నిలవ ఉండకూడదు కనక వంపేయాలి.

వంపేశాక ఎలా కోస్తుంది? కోయదు. కోయకపోతే అరగదు. అరగకపోవడానికే కదా ఇంత సేవ! ప్రపంచంలో ఎవరి రంపమైనా ఇంత పదునుగా ఉందా? మనది ఉంది!

ఈ సేవంతా నూకరాజుది. అంతకుముందు అతడు కోతపనివాడు. చేతిరంపానికి ఆ కొసన అప్పలకొండ, ఈ కొసన నూకరాజు. ఇద్దరూ బావాబావమరుదులు. అప్పలకొండ పెళ్ళాం నూకరాజుకు అక్క. మెషీను రాగానే గోవిందరావు చేతిరంపాలన్నీ పోగుచేసి స్టోరులో పెట్టి తాళం వేశాడు. మెషీను కళ్ళెదుట చేతిరంపాలు తిరగడం మర్యాద కాదన్నాడు. అప్పలకొండ దుంగలు దొర్లించే పనిలోకి మారాడు. అతడు మాట్లాడేది ఎప్పుడూ తక్కువే.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, ఒక కొమ్మకు తొందరొచ్చింది.

అప్పలకొండ క్వార్టరు యార్డు గోడ పక్కనే. దాని మీదికి రైల్వే వారి నేరేడు చెట్టు ఒకటి వంగి ఉంటుంది. ఎండాకాలపు గాలివానకు అందులో పెద్ద కొమ్మ మొదట్లో చీలి, ముందు గది పైకి వాలింది. ఆ గదిలోనే అప్పలకొండ కూతురు చిన్నతల్లి ఉంది. పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. ఉన్నవి ఒక గది, ఒక వంటిల్లు. ఇంకెక్కడ పడుకోబెడతారు? చెట్టు రైల్వేది. మేస్త్రి మాట లేనిదే ఆకు తెంపడానికి లేదు.

అప్పలకొండ వెళ్ళి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"బాబూ, మా ఇంటిమీద కొమ్మ సీలిపోనాది. కింద బాలింత, పసిగుంట ఉన్నారు. గాలొస్తే ఏటవుద్దో."

"అచ్ఛా. మెషీనుంది కదా, కోయిద్దాం."

"ఎప్పుడు బాబూ?"

"సర్వీసింగు అవనీ."

"అదెప్పుడవుద్ది?"

గోవిందరావు జాలిగా చూశాడు. "అవడమేటయ్యా? సర్వీసింగంటే రోజూ చేసీది."

"పోనీ నా రంపం నాకిప్పించండి. గంటలో దించీస్తాను."

"మెషీనుండగా చేతిరంపమా? నవ్వుతారు."

ఎవరు నవ్వుతారో అప్పలకొండ అడగలేదు.

వానలు దిగాయి. తడికి మెషీను పాడవుతుందని గోవిందరావుకు బెంగ పట్టుకుంది. నూకరాజుకు తెలిసిన తడివైద్యం ఒక్కటే, ఇంట్లో బాలింతలకు చేసేది. షెడ్డు సందుల్లో గుడ్డలు కుక్కాడు. ఆముదం గోరువెచ్చన చేసి చైనుకు రాశాడు. ఒక పొద్దున నిప్పులకుండ తెచ్చి సాంబ్రాణి వేయబోయాడు, పెట్రోలు డబ్బా పక్కనే! గోవిందరావు ఒక్క గెంతున బయటపడి, అక్కణ్ణించి కేకలు పెట్టాడు. చివరికి కుండను గుమ్మం అవతల పెట్టి, పొగను మాత్రం విసనకర్రతో లోపలికి విసిరారు.

అప్పలకొండ అటు పోతూ ఆగాడు.

"ఒరే నూకా, నీ మేనగోడలికి పురుడొచ్చింది. ఓపాలొచ్చి సూసినావేటిరా?"

"తీరికేది బావా? దీనికి తడి తగిల్తే ప్లగ్గు పట్టీస్తాది."

"దాన్నోపాలి బయటికి తియ్యిరా. ఆ కొమ్మొక్కటీ కొట్టీ."

"బాలింతకి పని సెప్తావేటి బావా!" అని నూకరాజు నొచ్చుకున్నాడు.

ఇందులో తప్పు ఎవరిది? నన్నడిగితే కొమ్మది. మెషీను తీరిక చూసుకొని చీలాల్సింది.

ఒక రోజు పెద్ద వాన. షెడ్డు రేకులోంచి ఒక్క చుక్క జారి మెషీను పక్కన పడింది. గోవిందరావు ముఖంలో నెత్తురు లేదు. దుంగలు మోసే ఖలాసీలు రేకు వంక చూస్తూ నిలబడ్డారు. అప్పలకొండ గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, మా ముందుగది కారదు. బాలింత గది, గాలి కూడా సొరబడదు. మీ దయుంటే అక్కడ పెట్టుకోండి."

గోవిందరావు అతని భుజం తట్టాడు. యార్డులో మెషీను మీద ప్రేమ ఉన్నవాడు ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు!

మెషీను ఊరేగింపుగా బయల్దేరింది. దానికి గొడుగు పట్టారు. పట్టిన నూకరాజు తడిసి ముద్దయ్యాడు. చిన్నతల్లి మంచం గోడకు జరిపి, మెషీనును గది నడుమ బల్ల మీద ఉంచారు. నూకరాజు మేనకోడలి ఒళ్ళోకి తొంగిచూసి, "గుంట బాగుందే" అన్నాడు. వెంటనే, "ఒలే, పొడి దుప్పటుందా? మెషీనుకి," అన్నాడు.

గోవిందరావు తృప్తిగా బయటికొచ్చి గొడుగు విప్పబోయి, పైకి చూశాడు.

"ఏటయ్యా ఇది?"

"కొమ్మ బాబూ."

"చీలిపోయి ఉందే!"

"ఆఁ."

"మెషీను మీద పడితే?"

అప్పలకొండ తల గోక్కున్నాడు. "పడితే... పడ్తాది బాబూ."

స్టోరు తాళం అంత తొందరగా తెరుచుకోవడం యార్డులో ఎవరూ చూడలేదు. మెషీనుతో కోద్దామా అని ఒక ఖలాసీ అడిగి తిట్లు తిన్నాడు. దాన్ని వానలోకి తీస్తారా, బుద్ధుందా! అప్పలకొండ తన రంపానికి పట్టిన తుప్పు తుడిచి, పళ్ళకు ఆకురాయి ఆడించి, కొమ్మకు తాళ్ళు కట్టించాడు. ఆ కొసన నూకరాజు. అతని అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం సైరను కూయకముందే కొమ్మ నేలమీద ఉంది, తడిసిన నేరేడుపళ్ళతో సహా. చేతిరంపాన్ని చూసి నవ్వినవాడు లేడు.

చూశారా సంరక్షణ మహిమ! మెషీను పల్లెత్తు మాట అనలేదు, తాడు కూడా లాగనివ్వలేదు. అయినా కొమ్మ పడింది. బాలింత, పసిపిల్ల కలిసి ఇంతకాలంగా చేయలేని పనిని అది ఊరికే పడుకొని చేసిపెట్టింది. ప్రతి క్వార్టరుకూ ఒక పెట్రోలు రంపం ఇప్పించాలని నా మనవి. పెట్రోలు అక్కర్లేదు.

సాయంత్రం నూకరాజు కబురు తెచ్చాడు. షెడ్డు రేకు బాగుచేశారు, రేపు మెషీనును తీసుకుపోతారు.

చిన్నతల్లి పిల్లకు జోకొడుతూ అంది. "నాన్నా, ఇంకో రెండ్రోజులుంచమను. వంటింటి పెంకులు కారతన్నాయి."

అప్పలకొండ వంటింటి వైపు చూశాడు. తర్వాత మెషీను వైపు చూశాడు.

"నూకా, ఆ కొస పట్టుకో."

నూకరాజు అలవాటుకొద్దీ పట్టుకున్నాడు. ఇద్దరూ మోసుకెళ్ళి, నీళ్ళు కారేచోట దించారు. మొదటి చుక్క ఇంజను మీద టప్పున పడింది.

"బావా, బావా! తడిసిపోతంది!" నూకరాజు గుండె బాదుకున్నాడు.

"ఆఁ," అన్నాడు అప్పలకొండ. "ఎల్లి మేస్త్రి బాబుతో సెప్పు."