పిల్ల ఎంత ముద్దుగున్నది

ఆ పొద్దున జలాలుద్దీన్ పెట్టుకున్న పని ఒక్కటే: రాత్రి షిఫ్టు దిగి ఇంటికి రాగానే పడుకోవడం. గోదావరిఖని కాలనీ క్వార్టర్లో నెల తిరగని ఆడబిడ్డ ఉండగా అతనికి కంటినిండా నిద్ర కరువైంది. 1988 చలికాలం అది. బాలింత నుస్రత్‌కు సాయంగా ఆమె తల్లి సుగ్రా బీ ముందురోజే నాందేడ్ నుంచి దిగింది. ఇక ఫికర్ లేదనుకుని అతను ముసుగు తన్నాడు.

పక్క క్వార్టర్ ఆండాళమ్మది. మంథని నుంచి వచ్చి, గని ఆఫీసులో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. తెలుగు అంతగా రాని నుస్రత్‌ను ఇన్నాళ్లూ సైగలతోనే కూతురిలా కనిపెట్టుకున్నది ఆమే. ఎప్పటిలాగే శొంఠి పొడి గిన్నె పట్టుకొచ్చి, సుగ్రా బీ ఒళ్లోని బిడ్డను చూసి, "పిల్ల ఎంత ముద్దుగున్నది" అంది.

తెలుగు ముక్క రాని సుగ్రా బీకి అందులో ఒక్క మాటే అర్థమైంది. ఉర్దూలో పిల్లా అంటే కుక్కకు పుట్టిన కూన. మనవరాలిని కొంగులో దాచుకుని, చాచిన గిన్నెను వెనక్కి తోసి, "నక్కో, నక్కో" అంది. వద్దని ఆమె ఉద్దేశం. ఆండాళమ్మ చెవికి నక్క వినిపించింది. పెట్టవచ్చిన మనిషిని పట్టుకుని అంత మాటా అని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆమె గుమ్మం దిగగానే సుగ్రా బీ దిష్టి తీసి ఎండుమిరపకాయలు బొగ్గుల పొయ్యిలో వేసింది. ఆ ఘాటు గోడ దాటి ఆండాళమ్మ వంటింట్లో కమ్ముకుంది. బొక్కలో నక్కకు పొగబెట్టినట్టు తనకూ పెడుతున్నారనుకుని ఆమె దగ్గుతూ ఏడ్చింది.

ఆ దగ్గులకే జలాలుద్దీన్‌కు మెలకువ వచ్చింది. సంగతి విని, తెలుగులో పిల్ల అంటే ఆడబిడ్డ అని అత్తకు నచ్చజెప్పాడు. మరి కుక్క కూననేమంటారని ఆమె అడిగింది. అబద్ధమాడలేక, "కుక్కపిల్ల" అన్నాడు.

సుగ్రా బీకి ఆ మాటతో అనుమానం రూఢి అయింది. మర్నాటి బండికి కూతురినీ మనవరాలినీ నాందేడ్ తీసుకుపోతానని ట్రంకుపెట్టె దించింది. జలాలుద్దీన్ పక్కింటికి పరుగెత్తితే ఆండాళమ్మ తలుపైనా తీయలేదు. "మాతోని మీకేం పని, పో బిడ్డా" అంది లోపలినుంచి.

పొద్దు గూకేవేళకు పసిదానికి కడుపునొప్పి పట్టుకుంది. నుస్రత్ పాలిస్తే తాగలేదు, అమ్మమ్మ భుజాన వేసుకుంటే ఆగలేదు. గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కింటి గొళ్లెం తీసిన చప్పుడైంది. ఆండాళమ్మ ఎవరి మొహమూ చూడకుండా వచ్చి, బిడ్డను అందుకుని, బొడ్డు చుట్టూ ఇంగువ నీళ్లు రాసి, ఒళ్లో పడుకోబెట్టుకుంది.

"ఊకో పిల్లా, ఊకో నా తల్లీ."

ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు నిద్రయ్యాయి. ఆ గొంతులో ఆ మాట విన్నాక సుగ్రా బీకి అల్లుడి తర్జుమా అక్కరలేకపోయింది. పక్కన చతికిలబడి ఆండాళమ్మ చేయి పట్టుకుంది.

"ఒక్కటడుగు బిడ్డా," అంది ఆండాళమ్మ జలాలుద్దీన్ వైపు తిరిగి మెల్లగా, "నన్ను నక్క అని ఎందుకన్నది?"

"నక్క కాదమ్మా. నక్కో అంటే మా దాంట్ల వద్దని" అని అతను చెప్పి, అత్తకూ నక్క అంటే ఏమిటో వివరించాడు.

ఇద్దరు ముసలమ్మలూ బిడ్డ లేవకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆనాటి నుంచి సుగ్రా బీ ఆ మాటను వదల్లేదు. ఆమె నేర్చుకున్న తొలి తెలుగు మాట అదే. బిడ్డ నలభయ్యో రోజు వేడుకకు నాందేడ్ నుంచి చెల్లెలు కరీమున్నీసా వస్తే, గుమ్మంలోనే బిడ్డను ఎత్తి చూపి, "మేరీ పిల్ల" అంది మురిసిపోతూ. కరీమున్నీసా మొహం ఎర్రబడింది. అక్క చెప్పేది వినకుండా వచ్చిన రిక్షానే వెనక్కి పిలిచింది. జలాలుద్దీన్ డ్యూటీలో ఉన్నాడు.

ఆమెకు సర్దిచెప్పడానికి ఆండాళమ్మ పరుగెత్తుకొచ్చింది, తెలుగులో.